నలభై ఏళ్ల కంప్యూటర్ పుస్తకాలను ఎవరికి అప్పగించాలి?

ప్రశ్న: నేను పాలిటెక్నిక్ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. మావారు 1970ల చివరి నుంచి ఒక ప్రభుత్వ రంగ సంస్థ కంప్యూటర్ కేంద్రంలో పని చేశారు. ఆయన ఇప్పుడు లేరు. ఇద్దరం కొన్న పుస్తకాలు దాదాపు 1,200 ఉన్నాయి. ఇవి కాక ఈసీఐఎల్ సంస్థ కంప్యూటర్లకూ, వ్యాక్స్ అనే విదేశీ కంప్యూటర్లకూ సంబంధించిన మాన్యువళ్లు, పాత పత్రికలు, ఫ్లాపీలు, తెలుగు డీటీపీ (కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే పని) పుస్తకాలు కూడా ఉన్నాయి. నాలుగు నెలల్లో ఈ ఇల్లు ఖాళీ చేసి బెంగళూరులో అమ్మాయి దగ్గరికి వెళ్లాలి. రెండు కళాశాలల గ్రంథాలయాలు పాతవి వద్దన్నాయి. పాత కాగితాల వ్యాపారి అన్నీ తూకానికి తీసుకుంటానంటున్నాడు. అల్లుడేమో అన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడదామంటున్నాడు. వీటన్నింటినీ మావారి పేరుతో ఒకేచోట ఉంచే గ్రంథాలయం ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం:

అమ్మా, నమస్కారం.

మీరు అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెబుతాను. 1,200 కంప్యూటర్ పుస్తకాలను విడదీయకుండా, ఒకరి పేరుతో విడిగా అలమారాలు కేటాయించి, కలకాలం కాపాడే గ్రంథాలయం దొరకడం చాలా కష్టం. ఏదైనా సంస్థ మొహమాటానికో, మీ మీద గౌరవంతోనో ఒప్పుకున్నా, అది ఆ పుస్తకాలకు మేలు చేస్తుందని నేను నమ్మడం లేదు. మీ అలమారాల్లో పక్కపక్కనే ఉన్న పుస్తకాలకు ఈ రోజు కావలసిన పాఠకులు పూర్తిగా వేరువేరు చోట్ల ఉన్నారు. 8085 మైక్రోప్రాసెసర్ పుస్తకం కోసం చూసే డిప్లొమా విద్యార్థి, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష పుస్తకం కావలసిన బ్యాంకు ప్రోగ్రామరు, ఈసీఐఎల్ యంత్రాల మాన్యువల్ కోసం వెతికే చరిత్ర పరిశోధకుడు ఒకే గ్రంథాలయం గడప తొక్కరు. అన్నింటినీ ఒకేచోట పెడితే వాటిలో చాలా భాగం తమ పాఠకుడి కంట పడకుండానే ఉండిపోతాయి. అందువల్ల విడదీసి పంచడమే వీటికి న్యాయం చేస్తుందన్నది నా గట్టి అభిప్రాయం.

మీవారి పేరు నిలవాలన్న మీ కోరిక దీనివల్ల దెబ్బతినదు. మొత్తం పుస్తకాల జాబితాను తయారు చేసి, అందులో ప్రతి పుస్తకం ఎవరికి చేరిందో రాసి పెడితే, ఆయన ఏ కాలంలో ఏమి చదివారో, ఏ యంత్రాల మీద పని చేశారో చెప్పే పత్రం అదే అవుతుంది. పుస్తకాలు ఊళ్లకు ఊళ్లు దాటినా ఆ సేకరణ జాబితా రూపంలో చెక్కుచెదరకుండా ఉంటుంది. దాని ప్రతిని మీ కళాశాలకూ, ఆయన పని చేసిన సంస్థకూ ఇవ్వవచ్చు. ప్రతి పుస్తకం మొదటి పుట లోపల ఆయన పేరు, పుస్తకం కొన్న సంవత్సరం అచ్చు వేసిన చిన్న చీటీ అంటించండి. మామూలు మైదాపిండి జిగురు పురుగును పిలుస్తుంది కనుక దాన్ని మాత్రం వాడవద్దు.

జాబితా అనగానే నెలల తరబడి పని అని భయపడనవసరం లేదు. ముందుగా అలమారాల్లో పుస్తకాల వెన్నులు స్పష్టంగా కనబడేలా ఒక్కో అరకు ఒక ఫోటో చొప్పున తీయించండి. ఈ ఫోటోలు రెండు రోజుల్లో సిద్ధమవుతాయి, మీ పూర్వ విద్యార్థుల వాట్సాప్ బృందాలకు అప్పుడే పంపవచ్చు. వివరమైన జాబితాలో పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, ఎన్నో కూర్పు, వెనుక డిస్కు ఉందా లేదా అన్నవి చాలు. 2007కు ముందు అచ్చయిన పుస్తకాల మీద ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) 10 అంకెలతో ఉంటుంది. 1980ల నాటి మన చౌక ముద్రణల్లో చాలావాటికి బార్‌కోడ్ ఉండదు కనుక ఫోన్‌తో స్కాన్ చేసే యాప్‌లు కొత్త పుస్తకాలకే పనికివస్తాయి. ఈ పని చేసేటప్పుడే పుటల మధ్య దాచిన ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు, విద్యార్థుల మార్కుల చీటీలు తీసివేయండి. బూజు వాసన వచ్చేవి, చెద తగిలినవి వేరే గదిలో పెట్టి, ఎండలో కాకుండా గాలి ఆడే నీడలో ఆరబెట్టండి. అలాంటి ఒక్క పుస్తకం గ్రంథాలయానికి వెళ్తే అక్కడున్న వాటికీ బెడద అవుతుంది.

ఇక ఎవరికి ఏవి ఇవ్వాలన్న సంగతి. కంప్యూటర్ పుస్తకం పాతబడటం దాని వయసు మీద కాక, అది దేని గురించి రాసిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ ఫలానా వెర్షన్‌ను ఎలా వాడాలో చెప్పే పుస్తకం ఆ వెర్షన్‌తోపాటే వెళ్లిపోతుంది. సూత్రాలు చెప్పే పుస్తకం దశాబ్దాలు నిలుస్తుంది. అల్గారిథమ్‌లు, డేటా స్ట్రక్చర్లు, కంపైలర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌ల నిర్మాణం, డిజిటల్ లాజిక్, వివిక్త గణితం, న్యూమరికల్ మెథడ్స్ పుస్తకాలు 1980ల నాటివైనా ఈ రోజు విద్యార్థి నేర్చుకోవలసినదే చెబుతాయి. డోనాల్డ్ నూత్ సంపుటాలు మొదట 1968, 1969, 1973ల్లో వెలువడ్డాయి, నేటికీ వాటిని వెతుక్కొని కొనేవారున్నారు. కెర్నిగన్, రిచీలు సీ భాష మీద రాసిన పుస్తకానికి 1978 నాటి మొదటి కూర్పు, 1988 నాటి రెండవ కూర్పు ఉన్నాయి. నేర్చుకునేవారికి రెండవదే ఇవ్వాలి, మొదటిది చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి ఇవ్వాలి. నెట్‌వర్కింగ్ పుస్తకాల విషయంలో మాత్రం జాగ్రత్త పడండి. వాటిలో ప్రోటోకాల్ సిద్ధాంతం చెప్పేవి ఉంచి, నోవెల్ నెట్‌వేర్ వంటి పాత సాఫ్ట్‌వేర్‌ను యంత్రంలో ఎక్కించే పద్ధతి చెప్పేవి పక్కన పెట్టండి.

ఈ సూత్ర గ్రంథాలకు గ్రంథాలయాల కంటే విద్యార్థుల చేతులే మంచి చోటు. మీకు కాదన్న కళాశాలల మీద నాకు కోపం లేదు. అక్కడ స్థలం తక్కువ, తనిఖీలకు వచ్చేవారు కొత్త కూర్పులే అడుగుతారు. అయితే మీకు వాటికి లేని బలం ఒకటి ఉంది: మీ దగ్గర చదువుకున్న విద్యార్థులు. వారిలో ఎందరో ఈ రోజు అధ్యాపకులుగా, ఉద్యోగులుగా ఉంటారు. ఒక్కొక్కరు పది పుస్తకాలు తీసుకొని తమ దగ్గరి విద్యార్థులకు ఇచ్చినా సగం భారం దిగుతుంది. ఎలక్ట్రానిక్స్ విభాగాల్లో 1976 నాటి 8085నూ, 1978 నాటి 8086నూ ఇప్పటికీ పాఠ్యాంశాలుగా బోధిస్తున్నారు కాబట్టి, మీ దగ్గర ఉన్న మైక్రోప్రాసెసర్ పుస్తకాలు ఎంత పాతవైనా డిప్లొమా విద్యార్థులకు నేరుగా పనికివస్తాయి. పల్లెల నుంచి వచ్చే విద్యార్థుల కోసం 2008లో నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణాల్లో ఒకటి మీకు దగ్గరగా నూజివీడులోనే ఉంది. అక్కడి గ్రంథాలయాధికారికి ఫోటోలు పంపి, కావలసినవి వారినే ఎంచుకోమనండి. యూనిక్స్, లినక్స్ పుస్తకాలకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో పని చేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలను అడగండి. పుస్తకం తెరిచి, అందులోని ప్రోగ్రామును వెంటనే యంత్రం మీద నడిపి చూసే కుర్రవాళ్లు అక్కడ ఉంటారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో మిగిలినవన్నీ పల్లెటూరి పాఠశాలకో, శాఖా గ్రంథాలయానికో పంపుదామన్న ఆలోచన ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. వర్డ్‌స్టార్, లోటస్ 1-2-3 వంటి పాత సాఫ్ట్‌వేర్ల పుస్తకాలు తీసుకొని ఎనిమిదో తరగతి పిల్ల ఏమి చేస్తుంది? తన ముందున్న యంత్రంలో కనబడని వాటిని చదివి, తనకే అర్థం కావడం లేదనుకుంటుంది. పిల్లలకు ఇచ్చే పుస్తకాన్ని మన ఇంటి పిల్లలకు కొనే పుస్తకమంత జాగ్రత్తగా ఎంచాలి.

వెర్షన్ పుస్తకాలన్నీ వృథా అని కూడా అనుకోవద్దు. బ్యాంకులు, బీమా సంస్థల పెద్ద యంత్రాల మీద కోబాల్, దానితోపాటు వాడే జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 వంటి సాఫ్ట్‌వేర్లు ఈనాటికీ నడుస్తున్నాయి. పాత ప్రోగ్రాములు కొత్త యంత్రం మీద కూడా నడిచేలా ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లు అనే ఈ పెద్ద యంత్రాలను తీర్చుతూ వచ్చింది కనుక, 1980ల నాటి పుస్తకం కూడా అక్కడ పనికి వస్తుంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు చెప్పే శిక్షణ కేంద్రాలను సంప్రదిస్తే వీటిని సంతోషంగా తీసుకుంటారని నా నమ్మకం. విజువల్ బేసిక్ 6, ఫాక్స్‌ప్రో పుస్తకాలదీ ఇదే కథ. విజువల్ ఫాక్స్‌ప్రోకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2015 జనవరితో ముగిసింది. అయినా చిన్న కర్మాగారాల్లో, దుకాణాల్లో వాటితో రాసిన లెక్కల ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి. వాటిని మరమ్మతు చేసేవారికి ఆ పుస్తకాలు బంగారం.

ఇప్పుడు మీ ఇంట్లో అన్నింటికంటే విలువైనదానికి వస్తాను. అది లావుపాటి పాఠ్యగ్రంథాల్లో లేదు, మీవారు దాచిన మాన్యువళ్లలో ఉంది. ఈసీఐఎల్ 1967లో హైదరాబాదులో ఏర్పడింది. ఆ సంస్థ తయారు చేసిన కంప్యూటర్లను, ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్న పేరును కుదించి, టీడీసీ అన్నారు. 1969 నాటి టీడీసీ-12తో మొదలుకొని 312, 316, 332 అనే యంత్రాలు వచ్చాయి. 1978లో ఐబీఎం మన దేశం నుంచి వెళ్లిపోయినప్పుడు దాని యంత్రాల నిర్వహణను ప్రభుత్వ సంస్థ అయిన సీఎంసీ చేపట్టింది. ఆ కాలంలో మన ఇంజనీర్లు ఏ యంత్రంతో ఏమి చేశారో చెప్పే అచ్చు సాక్ష్యం ఈ మాన్యువళ్లు, శిక్షణ నోట్సులు, సంస్థల కరపత్రాలు. పాఠ్యగ్రంథాలు వేల ప్రతులు అచ్చయ్యాయి. మాన్యువళ్లు మాత్రం యంత్రం కొన్నవారికే అందాయి, యంత్రాన్ని తుక్కుకు అమ్మినప్పుడు చాలాచోట్ల వాటినీ పారేశారు. కాబట్టి మీ నాలుగు నెలల్లో మొదటి వారం వీటికే కేటాయించండి, ఎందుకంటే వీటి విషయంలో ఉత్తర ప్రత్యుత్తరాలకు సమయం పడుతుంది.

బెంగళూరులో ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్రాల జాతీయ పరిశోధన కేంద్రం) ప్రాంగణంలో 2019లో ప్రారంభమైన ఆర్కైవ్స్ సమకాలీన భారతదేశపు విజ్ఞాన చరిత్రకు సంబంధించిన పత్రాలను సేకరించి భద్రపరుస్తోంది. మీరు వెళ్లేదీ బెంగళూరుకే కనుక, ముందుగా జాబితా, నాలుగైదు ముఖచిత్రాల ఫోటోలు పంపి, వారి పరిధిలోకి వస్తాయేమో అడగండి. వారు కాదంటే ఎవరిని అడగాలో కూడా వారే చెప్పగలరు. ఈసీఐఎల్ నుంచి విరమణ చేసిన ఉద్యోగులను కూడా కదిపి చూడండి, ఏ మాన్యువల్ అరుదైనదో గుర్తు పట్టగలిగేది వారే. వ్యాక్స్ మాన్యువళ్ల సంగతి వేరు. వ్యాక్స్‌ను తయారు చేసిన డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థ పత్రాలు పెద్ద సంఖ్యలో బిట్‌సేవర్స్ అనే స్వచ్ఛంద భాండాగారంలో ఇప్పటికే స్కాన్ అయి ఉన్నాయి. అక్కడ లేనివేమైనా మీ దగ్గర ఉంటే వాటినే ప్రత్యేకంగా చూడాలి. మీవారి కార్యాలయపు ప్రోగ్రాముల ప్రింటవుట్లు, అంతర్గత పత్రాలు కనబడితే మాత్రం వాటిని ఎవరికీ ఇవ్వకుండా, ఆ సంస్థనే అడిగి నిర్ణయించండి. మీవారు అంచుల్లో రాసుకున్న గమనికలను చెరపవద్దు, మాన్యువల్‌లో లేని చిట్కా చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

తెలుగు డీటీపీ పుస్తకాల మాట మీరు ఒక్క ముక్కలో తేల్చారు కానీ, నాకు వాటి మీదే మనసు ఎక్కువగా ఉంది. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఆ తరువాత చాలా ఏళ్లు మన పుస్తకాలు, పత్రికలు అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లతో, ఒక్కొక్కదానికీ సొంతమైన ఫాంటు సంకేతాలతో తయారయ్యాయి. ఆ రోజుల్లో టైపు చేసిన ఫైళ్లను ఈ రోజు యూనికోడ్‌లోకి మార్చేవారికి ఏ మీట నొక్కితే ఏ అక్షర ఖండం వచ్చేదో చెప్పే పట్టికలు కావాలి, అవి ఆ మాన్యువళ్ల చివరి పుటల్లో ఉంటాయి. కంప్యూటర్‌లో మన లిపులు కనబడేలా చేసిన, ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ వారి జిస్ట్ కార్డు పత్రాలు, భారతీయ లిపుల సంకేతాలకు 1991లో వచ్చిన ఇస్కీ ప్రమాణానికి సంబంధించినవి ఉంటే అవీ ఇంతే ముఖ్యం. తెలుగు సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తున్నవారికి ఈ పట్టికల సంగతి తెలియజేయండి. తెలుగులో వెలువడిన కంప్యూటర్ పుస్తకాలు, కంప్యూటర్ పత్రికలు ఏవైనా ఉంటే హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రాన్నీ, 1918 నుంచి పాత పత్రికలను కాపాడుతూ వస్తున్న వేటపాలెం సారస్వత నికేతనాన్నీ అడగండి. మన భాషలో ఈ విద్యను మొదట ఎలా చెప్పారో తెలుసుకోవాలనుకునేవారికి ఆ ఆధారాలు తెలుగు గ్రంథాలయాల్లోనే దొరకాలి.

పత్రికల్లో అమెరికాలో వెలువడిన బైట్ వంటివి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి, కాబట్టి అచ్చు ప్రతుల మీద బెంగ వద్దు. 1982లో మొదలైన డేటాక్వెస్ట్, 1987లో మొదలైన పీసీక్వెస్ట్ తొలి సంవత్సరాల సంచికలు ఉంటే మాత్రం వరుస తప్పకుండా కట్టలు కట్టండి. అప్పటి యంత్రాల ధరలు, కంపెనీల ప్రకటనలు మరెక్కడా ఇంత సమగ్రంగా దొరకవు. పీసీక్వెస్ట్‌తో వచ్చిన లినక్స్ సీడీలను పత్రిక నుంచి విడదీయవద్దు. ఇంటర్నెట్ అందుబాటులో లేని కాలంలో మన దేశంలో ఎందరో లినక్స్‌ను మొదట చూసింది వాటిలోనే.

అల్లుడుగారి ఆలోచన మంచి మనసుతో చెప్పినదే, కానీ మొత్తానికి ఆచరణలో పెట్టలేనిది. పుస్తకానికి సగటున 500 పుటలనుకున్నా ఇవి ఆరు లక్షల పుటలవుతాయి. రెండేసి పుటల చొప్పున నిమిషానికి పది ఫోటోలు తీసినా, విరామం లేకుండా 500 గంటలు పడుతుంది. అంతకంటే పెద్ద అడ్డు చట్టం. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల దాకా, ప్రభుత్వ రంగ సంస్థల ప్రచురణలకైతే ప్రచురించిన తరువాత 60 ఏళ్ల దాకా కాపీహక్కు ఉంటుంది. ఆ లెక్కన మీ దగ్గరున్న వాటిలో దాదాపు దేనికీ ఆ గడువు తీరలేదు. కాబట్టి అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టవద్దు. అచ్చు ప్రతిని ఇవ్వడానికీ, అమ్మడానికీ మాత్రం మీకు పూర్తి హక్కు ఉంది. అల్లుడుగారి ఉత్సాహాన్ని ఫ్లాపీల వైపు మళ్లించండి. మూడున్నర అంగుళాల ఫ్లాపీలు చదివే యూఎస్‌బీ డ్రైవులు ఇప్పటికీ దొరుకుతాయి. అయస్కాంత పూత ఏటేటా బలహీనపడుతుంది కనుక అందులో ఏముందో చూసి కాపీ చేసుకోవలసిన సమయం ఇదే. ఐదుంపావు అంగుళాల వాటిని ఇంట్లో ప్రయత్నించకుండా, మాన్యువళ్లతోపాటు ఆర్కైవ్ వారికే చూపించండి.

అమ్మకం గురించి క్లుప్తంగా చెబుతాను. విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాలవారు, హైదరాబాదులో కోఠి, ఆదివారం అబిడ్స్ కాలిబాటల మీద అమ్మేవారు తమకు కావలసినవి ఏరుకొని తీసుకుంటారు. అరుదైనవి, విద్యార్థులకు ఇవ్వదలచినవి తీసేసిన తరువాతే వారిని పిలవండి. ఎక్కువ డబ్బు ఆశించవద్దు. మన చౌక ముద్రణల్లో చాలావాటి మీద భారతదేశంలోనే అమ్మాలన్న గమనిక ఉంటుంది, విదేశీ సేకర్తలు వాటికి పెద్ద ధర పెట్టరు.

పంపేటప్పుడు చిన్న అట్టపెట్టెలే వాడండి. పుస్తకాలతో నిండిన పెద్ద పెట్టెను ఎవరూ ఎత్తలేరు, కాబట్టి పెట్టెకు 15 కిలోలు దాటకుండా చూసి, లోపల ఏమున్నాయో పైన రాయించండి. ఒకే ఊరికి చాలా పెట్టెలు వెళ్లాలంటే ఆర్టీసీ కార్గో అనువైనది. ఒకటి రెండు పుస్తకాలు పంపడానికి తపాలా శాఖ 2025 మే నెలలో జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. మొదలైనప్పుడు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం అని ప్రకటించారు. ఇది పుస్తకాలకే వర్తిస్తుంది, పత్రికలను ఇందులో పంపనివ్వరు. ఖర్చు తీసుకునేవారు భరిస్తామంటే మొహమాటపడకుండా ఒప్పుకోండి. ఆ మాత్రం ఖర్చుకు సిద్ధపడినవారు పుస్తకం చదివే అవకాశం ఎక్కువ.

ఇన్ని చేశాక కూడా మూడు, నాలుగు వందలు మిగులుతాయి. విండోస్ 95 వాడుక, ఆఫీస్ 97, నెట్‌స్కేప్, ఎవరూ వాడని ప్యాకేజీల పరీక్షల గైడ్లు వాటిలో ఉంటాయి. వాటిని పాత కాగితాల వ్యాపారికి ఇవ్వడంలో తప్పేమీ లేదు. ఆ కాగితం మళ్లీ కాగితమవుతుంది, పనికిరాని పుస్తకాన్ని మరొకరి అలమారాలోకి నెట్టడం కంటే అది మంచి పని. ఇచ్చే ముందు డిస్కులు, ప్లాస్టిక్ అట్టలు తీయించండి. ఆయన చేతిరాత ఉన్నవీ, మీరిద్దరూ కలిసి పాఠాలు తయారు చేసుకున్నవీ ఒక అలమారాకు సరిపడా ఎంచి, వేరే ఎవరి కంటా పడకముందే బెంగళూరు పెట్టెల్లో సర్దేయండి. మాన్యువళ్ల జాబితా సిద్ధమయ్యాక ఒక ప్రతి ఈ శీర్షికకు పంపితే, వాటిలో దేనికి ఎవరిని సంప్రదించాలో చూసి మీకు మళ్లీ రాస్తాను.